లేత పాకం

ముందు ముళ్ళ సంగతి చూసుకో, ఎవెరార్దో.
నాగజెముడు పండుకి పెద్దముల్లుతో పేచీ లేదు,
అది కనబడుతుంది, మర్యాద తెలిసింది.
నూగుముల్లే దొంగది.
వేలిలో దిగిన సంగతి
రాత్రి దుప్పటి తగిలినప్పుడు గాని చెప్పదు.
తడి ఇసుకలో దొర్లించు, పుల్లల చీపురుతో రుద్దు,
ఆపైన మంట మీద ఒక్క తిప్పు.
తొందరపడితే నీ చెయ్యి, నీ ఖర్మ.

ఎర్రవే ఏరు.
పచ్చవి తినడానికి బాగుంటాయి,
గ్లాసులో మాత్రం బియ్యం కడిగిన నీళ్ళు.
తొక్క తీసి, చిదిమి, పాతగుడ్డలో వడకట్టు.
గింజలు పారెయ్యకు, పక్కింటి కోళ్ళున్నాయి.
ఎంత రసానికి ఎంత బెల్లం అంటే
నా దగ్గర లెక్క లేదు.
శంకువులా ఉన్న ఆ నల్లబెల్లం అచ్చు ఒకటి,
తుంచిన దాల్చినచెక్క ఒకటి,
సన్నసెగ.
ఇక అక్కడే నిలబడు. వీధిలో ఎవరు పిలిచినా సరే.

తీగపాకం రానిచ్చావో, చెడింది. అది మిఠాయికి.
మనకు కావలసింది లేత పాకం:
గరిటె వెనకవైపు వేలితో గీత గీస్తే
ఆ గీత కాసేపు ఆలోచించి
తనంతట తాను కలిసిపోవాలి.

ఇప్పుడు ఆ మూల సీసా.
పైన కాగితం అంటించలేదు, చూశావా?
మా మేనమామ ఫిదెన్సియోది, మియావత్లాన్ దారిలోంచి వస్తుంది.
పదేళ్ళు ఎదిగిన కిత్తలిని కొట్టి
గడ్డని కాలే రాళ్ళ మధ్య మట్టిలో పూడ్చిపెడతాడు.
గోలోంద్రీనా అనే కంచరగాడిద
గానుగరాయి లాగుతూ తిరుగుతుంది,
ఆయన దాని వెనకే తిట్టుకుంటూ తిరుగుతాడు,
ఎవరు ఎవర్ని తోలుతున్నారో చెప్పలేం.
బట్టీలోంచి దిగిన చుక్కని సొరబుర్ర దొప్పలోకి ధారకట్టి
పైన లేచిన బుడగల్ని చూసి ఘాటు చెబుతాడు.
ముత్యాలంటాడు వాటిని.
"ఇందులో తీపి కలిపేవాళ్ళకి నా మెస్కాల్ అమ్మను" అన్నాడు.
అలాగే మామయ్యా అన్నాను.
రెండేళ్ళు అలాగే అన్నాను.
మూడు స్టూళ్ళ కొట్టుకి అద్దె కట్టాలంటే
ఉత్తది చప్పరించే ముసలాళ్ళు చాలరు, నాయనా.

పోయిన ఆగస్టులో, వాన.
బస్సు ఆగిపోయిందని ఆయనే లోపలికి వచ్చాడు,
టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతుండగా.
పక్క స్టూలు మీద ప్యూబ్లా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ,
ఆమె చేతిలో ఎర్రటి గ్లాసు.
ఆయన దాన్ని చూశాడు. నన్ను చూడలేదు.
"నాకూ అదే," అన్నాడు.

రెండు వంతులు మెస్కాల్, ముప్పాతిక వంతు పాకం,
ఒక నిమ్మకాయ, గుప్పెడు ఐసు.
మూత గట్టిగా పట్టుకుని కుదపాలి.
ఆ రోజు కుదపనక్కర్లేకపోయింది, నా చేతులే వణికాయి.
అంచుకి నిమ్మబద్ద రాసి
మిరపకాయతో నూరిన పురుగు ఉప్పు అద్దాను.

గుక్క తాగాడు.
బియ్యంలో రాయి ఏరినట్టు
ఐసు ముక్కలు రెండు వేళ్ళతో తీసి బల్ల మీద పెట్టాడు.
ఇంకో గుక్క.
"ఏ పండు?"
"నీ చేను గట్టు మీదివే. చెప్పకుండా కోశాను."
"ఈ ఏడు పిట్టలు తొందరగా వచ్చాయనుకున్నా," అన్నాడు.

అంతే. బాగుందనలేదు.
అడుగున కాస్త మిగిల్చి, వాసన చూసి,
"పొగ ఇంకా ఉందిలే" అని తనకే చెప్పుకున్నాడు.
డబ్బు అణాపైసలతో లెక్కపెట్టి ఇచ్చాడు.
వద్దంటే కళ్ళెర్రజేశాడు.

సోమవారం సీసాలతోపాటు బకెట్టు దిగింది.
నిండా ఎర్రపళ్ళు,
ఒక్కొక్కటీ ఇసుకలో దొర్లించి, తుడిచి, నూనె రాసినట్టు మెరిసేవి.
ముళ్ళన్నీ తీసేశాడు,
ఇదిగో, ఈ బొటనవేలి మొదట్లోది తప్ప.
పట్టకారుతో లాగితే వచ్చేస్తుంది.
లాగలేదు.

అదేంటి, నన్ను చూస్తావేం?
సెగ చూడు, సెగ!
గీత గియ్యి. కలుస్తోందా?